డాబా మీద సోఫా వేసే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డాబా గురించే. మార్చి దాటిందంటే సాయంత్రాలు పైకి వెళ్లి కూర్చోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ముప్పై నాలుగేళ్లు బెజవాడ చుట్టుపక్కల సైట్ల మీద నిలబడి పనిచేయించినవాణ్ణి, డాబా ఎండ నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. వీలైనన్ని ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను.

ఇంజినీరు గారికి నమస్కారం. పోయినేడాది ఇల్లు కట్టుకున్నాం. పైన ఆరువందల చదరపు అడుగుల డాబా ఖాళీగా ఉంది. లక్ష రూపాయలు పక్కన పెట్టుకున్నాం. కేన్ సోఫా సెట్టు, గ్లాసు టీపాయి, కింద ఆర్టిఫిషియల్ గడ్డి, మధ్యలో పెద్ద గొడుగు ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకున్నాం. ఆర్డరు ఇచ్చే ముందు మీ మాట కోసం రాస్తున్నాను. – ఒక పాఠకురాలు, కరీంనగర్

అమ్మా, ఆ ఆర్డరు ఓ పదిరోజులు ఆపండి.

మీరు రాసిన నాలుగు వస్తువులూ ఒకప్పుడు నేనూ కొన్నాను. మా అమ్మాయి పెళ్లి చేసిన ఏడాది, అల్లుడొస్తాడని. ఇంజినీరునై ఉండి కూడా ఫొటో చూసి పడిపోయాను. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, గొడుగు దిమ్మతో సహా దొర్లి, పిట్టగోడ మీదుగా వెళ్లి పక్కింటివాళ్ల తులసికోట పక్కన పడింది. మనిషికీ కోటకీ ఏమీ కాలేదు గానీ, ఆ ఏడాది వాళ్లింటి నుంచి మాకు ఆవకాయ జాడీ రాలేదు. గడ్డి సంగతి మరీ ఘోరం. ప్లాస్టిక్ కదా, ఎండకు గచ్చు కన్నా ఎక్కువ కాలుతుంది. మనవడు చెప్పుల్లేకుండా అడుగు పెట్టి కెవ్వుమన్నాడు. దాని కింద వాననీళ్లు ఆరక పాచి పట్టి వాసన వేసింది. రెండో ఏడు చుట్టచుట్టి మెట్లగదిలో పడేశాం, ఇంకా అక్కడే ఉంది.

కాబట్టి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రాత్రి ఏడు గంటలకు చెప్పులు విడిచి డాబా మధ్యలో నిలబడి పది లెక్కపెట్టండి. నిలబడలేకపోతే మీకు కావలసింది సోఫా కాదు. శ్లాబు పగలంతా తాగిన ఎండను చీకటి పడ్డాక మెల్లగా వదులుతుంది. మీరు కూర్చోవాలనుకునే ఏడు, తొమ్మిది గంటల మధ్యే అది బాగా వదిలేది. ఎంత ఖరీదైన కుర్చీ వేసినా కింది నుంచి ఆవిరి కొడుతూనే ఉంటుంది.

మొదటి ఖర్చు తెలుపు. ఎండ నేరుగా పడే భాగమంతా తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి. చేతిలో డబ్బు తక్కువైతే జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేసినా పని జరుగుతుంది, ఏటా మళ్లీ వేసుకోవాలి అంతే. తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది. మీ తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న లెక్క ఇదే. కింద పడకగది కూడా చల్లబడుతుంది, అది మీకు లాభం. పగలు కళ్లు జిగేలుమంటాయి కాబట్టి కూర్చునే చోట మాత్రం తుంగచాపలు పరుచుకోండి.

రెండోది నీడ. మీ లక్షలో సగం దీనికే కేటాయించండి. నేను ఎక్కువమందికి చెప్పేది 75 శాతం షేడ్ నెట్, అంటే వెలుతురులో ముప్పాతిక ఆపేది. వల కాబట్టి వేడిగాలి పైకి పోతుంది. రేకులు వేస్తే నీడ వస్తుంది గానీ, కాలిన రేకు కింద కూర్చోవడం మూత పెట్టిన గిన్నెలో కూర్చున్నట్టే. ఇప్పటికే రేకులున్నవాళ్లు పైన తెల్లరంగు వేయించి, కింద అడుగు ఎడంలో వెదురు తడకలు కట్టించుకోవాలి. నెట్టు ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో ఉండాలి. దాన్ని వైరుతో శాశ్వతంగా బిగించకండి. కొక్కేలతో తగిలిస్తే, మబ్బు పట్టినప్పుడు ఇద్దరు మనుషులు అయిదు నిమిషాల్లో దించేయొచ్చు. గాలివానకు నెట్టు తెరచాపలా ఉబ్బి పైపులతో సహా పీక్కుపోతుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. నాలుగు గంటల తరవాత ఎండ నెత్తి మీద ఉండదు, పడమటి నుంచి ఏటవాలుగా కొడుతుంది. పైన ఎంత నెట్టు కట్టినా అది కిందికి దూరి మొహం మీదే పడుతుంది. అందుకని పడమటి వైపు నిలువుగా ఒక తెర కావాలి. చుట్టి పైకి కట్టే వెదురు తెర చాలు. పొద్దు వాలగానే పైకి చుట్టేస్తే గాలి ఆడుతుంది. రాధామనోహరం తీగ పాకించినా బాగుంటుంది గానీ అది కమ్ముకోవడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది.

మూడోది నీళ్లు. మీది పొడి ఎండ. సాయంత్రం అయిదున్నర దాటాక, డాబా మీద ఎండ వాలిపోయాక నీళ్లు చల్లండి. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. కాలిన గచ్చు మీద ఒక్కసారి చన్నీళ్లు పడితే పైపూత నెర్రెలిస్తుంది. సన్నటి తుంపర చల్లే ఫ్యాన్లు మీ ఊళ్లో పనిచేస్తాయి, కాకపోతే బోరునీళ్లకు వాటి నాజిళ్లు తెల్లగా పూడుకుపోతాయి. మంచినీళ్ల డ్రమ్ము పెట్టుకోగలిగితేనే కొనండి.

ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో సామాను. కేన్ అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. అసలు పేము ఎండకు చీలుతుంది, వానకు బూజు పడుతుంది, అది వరండాకే మంచిది. రెండోది అల్యూమినియం చట్రం మీద ప్లాస్టిక్ తీగతో అల్లింది. అదయితే నాలుగు కాలాలు వస్తుంది. కొనేటప్పుడు ఒక మూల ఎత్తి చూడండి, తేలిగ్గా లేచిందంటే అల్యూమినియం, బరువుగా ఉంటే లోపల ఇనుము. గాజు టీపాయి వద్దు. వడగళ్లకూ గాలికీ భయం, పైగా పిల్లలున్న ఇల్లు. నన్నడిగితే రెండు మడత మంచాలు, పైపు చట్రానికి ప్లాస్టిక్ నవారు అల్లినవి కొనండి. పగలు సోఫా, రాత్రి పడక, వానొస్తే మడిచి గోడకు ఆనించొచ్చు. నూలు నవారు ఒంటికి హాయిగా ఉంటుంది, తడిస్తే మాత్రం చివికిపోతుంది. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు ఆరుబయట వదిలేయకండి. రెండు వేసవులు చూశాక పెళుసెక్కి, బరువైన బంధువు కూర్చున్న రోజే కాలు విరుగుతుంది.

మాది బీచ్ రోడ్డుకు దగ్గర. డాబా మీద ఇనప ఉయ్యాల, ఇనప కుర్చీలు వేస్తే ఏడాది తిరక్కుండా తుప్పు. రంగు వేయించినా నిలవడం లేదు. స్టీలు కొనమంటారా? తుంపర ఫ్యాను కూడా పెట్టాలనుకుంటున్నాను. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

తుంపర ఫ్యాను మాట మరిచిపో తమ్ముడూ. గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఆవిరి కావు. ఆవిరి కాకపోతే చల్లదనమూ ఉండదు, చొక్కా తడవడమే మిగులుతుంది. కరీంనగర్ అమ్మకు పనికొచ్చింది నీకు పనికిరాదు. నీకున్న వరం గాలి. పగలు సముద్రం మీద నుంచి ఊరి వైపు వీస్తుంది, రాత్రి బాగా పొద్దుపోయాక దిశ మారుతుంది. సముద్రం వైపు ఏమీ అడ్డు పెట్టకుండా కూర్చునే చోటు చూసుకో. ఎత్తు పిట్టగోడ గాలిని ఆపేస్తుంటే పైభాగం రెండడుగులు తీసి జాలీ పెట్టించవచ్చు. పిట్టగోడ, జాలీ కలిసి మూడున్నర అడుగులకు తగ్గకూడదు.

ఇక తుప్పు. షాపువాడు స్టీలు అన్నంత మాత్రాన సరిపోదు. మామూలుగా అమ్మేది 304 రకం. ఉప్పుగాలికి దాని మీద కూడా టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి. సముద్రం పక్కన నిలిచేది 316, దానిలో మాలిబ్డినం కలుపుతారు, ధర ఎక్కువ. ఉయ్యాల కొక్కేలూ గొలుసూ మాత్రం 316లో కొను, మనుషుల బరువు మోసేవి కదా. కుర్చీలకు పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం చాలు. స్క్రూలు కూడా చూసుకో. అల్యూమినియానికి మామూలు ఇనప స్క్రూ బిగిస్తే రెండూ కలిసిన చోట ఉప్పునీరు చేరి ముందుగా అక్కడే తినేస్తుంది.

ఉన్న ఇనప సామాను పారేయనక్కర్లేదు. నీ రంగు నిలవకపోవడానికి కారణం నాకు తెలుసు: తుప్పు మీదే రంగు వేయించి ఉంటావు. లోహం తెల్లగా కనబడేదాకా ఉప్పుకాగితంతో గీకించి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, అదేరోజు జింకు ప్రైమరు కొట్టించాలి. రాత్రంతా వదిలేస్తే మళ్లీ ఉప్పు పడుతుంది. ఆ పైన రెండు పూతల రంగు. తరవాత వారానికోసారి మంచినీళ్లతో తుడిస్తే చాలు. చెక్క ఇష్టమైతే తేకు మంచిది. పాలిషు బదులు ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె పట్టించు.

ఇంకోటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ ఊళ్లో ఏమేం ఎగిరాయో నీకు నేను చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే డాబా సామానంతా మెట్లగదిలోకి సర్దడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి గడియారం పెట్టి చూసుకో. అరగంట దాటితే సామాను ఎక్కువైనట్టు.

డాబా మీద ఇనప పందిరి వేయించాం. నాలుగు కాళ్లనూ శ్లాబుకు రంధ్రాలు చేసి బోల్టులతో బిగించారు. మొదటి వానకే హాల్లో సీలింగు నుంచి చుక్కలు. వేసినవాళ్లు ఫోను ఎత్తడం లేదు. – ఒక పాఠకురాలు, గుంటూరు

అయ్యో. ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుందమ్మా, ఊరు పేరు ఒక్కటే మారుతుంది.

శ్లాబు పైన వాటరు ప్రూఫింగు పొర ఉంటుంది. రంధ్రం చేయగానే ఆ పొర తెగింది. గాలికి పందిరి ఊగినప్పుడల్లా బోల్టు కూడా కదిలి రంధ్రం పెద్దదవుతుంది. చుట్టూ సీలెంటు పూస్తే ఒక్క వేసవి ఆగుతుంది, అంతే. బోల్టులు తీయించండి. రంధ్రాలు శుభ్రం చేయించి ఎపాక్సీ గ్రౌటుతో నింపించండి, పైన వాటరు ప్రూఫింగు అతుకు వేయించండి. తరవాత తూములు మూసి, రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టి చూడండి. కింద చెమ్మ కనబడకపోతేనే మేస్త్రీకి మిగతా డబ్బులు ఇవ్వండి.

పందిరి ఎక్కడ నిలబెట్టాలంటారా? మన ఊళ్లలో ప్రతి డాబా మీదా, రేపు ఇంకో అంతస్తు వేస్తామేమోనని, పిల్లర్ల ఇనప చువ్వలు బయటకు వదిలేస్తాం. ఆ అంతస్తు పదేళ్లయినా రాదు, చువ్వలు తుప్పుపట్టి చీరలు చింపుతుంటాయి. అవే మీ పందిరికి పునాదులు. చువ్వల చుట్టూ అడుగున్నర ఎత్తు కాంక్రీటు దిమ్మ పోయించి, దాని పైభాగంలో ప్లేటు పెట్టి కాళ్లు దానికి బిగించాలి. బరువు నేరుగా పిల్లరు మీద పడుతుంది, శ్లాబుకు చిల్లు పడదు. దిమ్మకు రెడీమిక్సు పొడి కన్నా మామూలు కంకర కాంక్రీటే నయం, కాకపోతే పాత తుప్పు గీకించాకే పోయించండి. రేపు నిజంగా పైకి కట్టుకుంటే దిమ్మ పగలగొట్టుకోవచ్చు.

మా నాన్నగారికి ఎనభై ఒకటి. ఏసీ గదిలో పడుకోనంటారు. "చిన్నప్పుడు డాబా మీదే పడుకునేవాళ్లం" అని రోజూ గొడవ. పైన పడక ఏర్పాటు చేయాలంటే ఏం చేయాలి? దోమల సంగతి? – ఒక పాఠకురాలు, తెనాలి

ఆయన అడిగింది సబబే. చేయండి.

నులకమంచమో నవారు మంచమో, కింది నుంచి గాలి ఆడేది అయితే చాలు. ఎత్తు మాత్రం చూడండి. కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. మడత మంచాలు కొన్ని మరీ కిందికి ఉంటాయి, వాటి మీద నుంచి లేవలేరు. నాలుగు కోళ్లకు వెదురు కర్రలు కట్టి దోమతెర వేయండి, అంచులు పరుపు కిందికి దోపండి. తెర బయట కాళ్ల వైపు టేబుల్ ఫ్యాను పెట్టండి. దోమ గాలికి ఎదురీదలేదు. అసలు దోమలు పుట్టే చోటు చూస్తే మీ డాబా మీదే ఉండొచ్చు. కుండీల కింద పళ్లేలు, మూతలేని ట్యాంకు, ఒక మూల పడేసిన కొబ్బరిచిప్ప. గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు, కాబట్టి వారానికోసారి అన్నీ బోర్లించాలి.

ఫ్యానుకు కింది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగకండి. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. వాన జల్లు, తడిసిన గచ్చు, పెద్దాయన వట్టికాళ్లు. మెట్లగది గోడకు మూత ఉన్న బయటి సాకెట్టు పెట్టించండి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, వేయించండి. లైటు ఐపీ65 అని రాసి ఉన్నది, అంటే దుమ్మూ నీటి జల్లూ లోపలికి పోనిది తీసుకోండి. పసుపు కాంతి అయితే పురుగులు తక్కువ వస్తాయి. మెట్లకు రెండో వైపు కూడా పట్టుకునే కమ్మీ ఉండాలి, రాత్రి పూట దిగాల్సి వస్తుంది ఆ వయసులో.

తెల్లవారుజామున మీ వైపు మంచు పడుతుంది. తలవైపు ఒక దుప్పటి మడిచి ఉంచండి, కప్పుకోమని మాత్రం చెప్పకండి, వినరు. మా నాన్న వినలేదు. పక్కన మూతపెట్టిన మట్టి కూజా, గ్లాసు.

మిద్దె తోట పెట్టాలని ఉంది సార్. పిట్టగోడ పొడవునా ఇటుకలతో తొట్టి కట్టించి అడుగు లోతు మట్టి పోస్తే ఇంటికి ఏమన్నా అవుతుందా? కూరగాయలూ నీడా రెండూ వస్తాయని. – ఒక పాఠకుడు, కర్నూలు

మిద్దె అన్నారు, సంతోషం. మీ సీమలో చౌడుమట్టి పరిచిన పాత మిద్దెలు అడుగు మందాన మట్టినే మోసేవి. అవి వేరు, వాటి కింద దగ్గరదగ్గరగా దూలాలుండేవి. మీది కాంక్రీటు శ్లాబు అనుకుంటున్నాను. మనుషులు తిరిగే డాబాకు ఇంజినీర్లు మామూలుగా లెక్కకట్టే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలు. ఇప్పుడు మీ తొట్టి చూడండి. అడుగు లోతు తడిమట్టి చదరపు అడుగుకు సుమారు 50 కిలోలు, ఇటుకలు అదనం. లెక్క మీరే చూశారు.

శ్లాబు మధ్యలో వద్దే వద్దు. కింద గోడో దూలమో ఉన్న చోట, విడివిడి గ్రోబ్యాగుల్లో పెంచండి. ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, పశువుల ఎరువు ఒక పాలు కలిపితే బరువు బాగా తగ్గుతుంది, నీళ్లూ పట్టి ఉంచుతుంది. బ్యాగులు ఇటుకల మీద లేపి పెట్టండి, కింద తడి ఆరాలి. తూము దగ్గర రెండడుగులు ఖాళీగా వదలండి. నీడ కావాలంటే దొండపాదు పెట్టి పందిరికి పాకించండి, ఒకసారి పెడితే ఏళ్ల తరబడి కాస్తుంది, కింద కుర్చీ వేసుకోవచ్చు. మే ఎండకు మాత్రం మొక్కలకూ షేడ్ నెట్టు కావాలి.

అపార్టుమెంటులో అయిదో అంతస్తు, అంటే చివరిది మాది. పైన డాబాలో మా ఫ్లాటు మీద భాగం మేం అలంకరించుకోవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

మీ ఫ్లాటు మీద ఉన్నంత మాత్రాన మీది కాదు బాబూ. 2016 రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, డాబాలను ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది. అసోసియేషను దగ్గర లిఖితంగా అనుమతి తీసుకుని, అందరూ కూర్చునేలా పెట్టండి. అందరివీ కలిపి కొంటే ఖర్చూ తగ్గుతుంది, కొట్లాటలు మాత్రం పెరుగుతాయి. తెల్లపెయింటు ప్రతిపాదన ముందు పెట్టండి, దాని లాభం ఎక్కువగా మీ ఫ్లాటుకే కదా, ఆ సంగతి మీటింగులో నొక్కి చెప్పకండి.

డాబా మీద అన్నీ అమర్చాను. మా అత్తగారు వడియాలు, మిరపకాయలు, చింతపండు ఆరబెట్టి నా కుర్చీలన్నీ మూలకు తోసేస్తున్నారు. – పేరు వద్దన్న పాఠకురాలు, నరసరావుపేట

వడియాలకు పది నుంచి మూడు దాకా ఎండ కావాలి, మీకు ఆరు తరవాత డాబా కావాలి. తగువెక్కడ ఉందమ్మా? తూర్పు వైపు ఎండ దండిగా ఉండే చోట నడుమెత్తు నవారు మంచం ఒకటి ఆవిడకు ప్రత్యేకంగా ఇచ్చేయండి. వంగక్కర్లేదు, ధూళి పడదు. మంచం మీద నూలుచీర పరిచి, పైన పాత దోమతెర కప్పితే కాకులూ కోతులూ కూడా ఆగుతాయి. కోతులు కొంచెమే ఆగుతాయి. సాయంత్రం కూర్చున్నప్పుడు సగం ఆరిన వడియం ఒకటి తీసి నోట్లో వేసుకోండి, ఆవిడ చూడకుండా.

మోకాళ్ల నొప్పులు. డాబా మీదకు ఒకసారి ఎక్కగలను గానీ కాఫీకీ మంచినీళ్లకూ మాటిమాటికీ దిగలేను. పైన చిన్న వంటగట్టు, సింకు కట్టించమంటారా? – ఒక పాఠకురాలు, రాజమండ్రి

సింకు వద్దండీ. పైపులు, డ్రైనేజీ, మళ్లీ శ్లాబుకు చిల్లులు. మా ఆవిడదీ ఇదే బాధ, దానికి నేను నూటయాభై రూపాయల ఇంజినీరింగు చేశాను. వంటింటి కిటికీకి సరిగ్గా పైన, పిట్టగోడకు పక్క నుంచి ఒక ఇనప కొమ్మ బిగించి బావి గిలక తగిలించాను. గోడకు చిల్లు పరవాలేదు, శ్లాబుకే వద్దు. గిలక మీదుగా నైలాను తాడు, తాడుకు మూత ఉన్న వెదురు బుట్ట. కింద కోడలు ఫ్లాస్కు, గ్లాసులు పెట్టి తాడు రెండుసార్లు ఊపుతుంది, పైన మేం లాగుతాం. తాడు చివర పిట్టగోడకు ఒక కొక్కెం పెట్టి కట్టేయడం మరవకండి, మొదటి వారం మా తాడు చేయిజారి బుట్ట, ఫ్లాస్కు రెండూ కిందికి పోయాయి. ఇప్పుడు స్టీలు ఫ్లాస్కు వాడుతున్నాం.